గంగపై 28 లేన్లు: కట్టడానికి తొందర, కాపాడటానికి తీరిక లేదు

2024 జూన్ 18న బిహార్‌లోని అరరియా జిల్లాలో బక్రా నదిపై నిర్మించిన వంతెన ప్రారంభోత్సవానికి ముందే కూలిపోయింది. ఆ తర్వాత మూడు, నాలుగు వారాల వ్యవధిలో శివాన్, సారణ్, మధుబని, కిషన్‌గంజ్, తూర్పు చంపారణ్ జిల్లాల్లో ఒకదాని వెంట ఒకటిగా వంతెనలు నేలకొరిగాయి. పత్రికలు లెక్కపెట్టిన సంఖ్య పది దాటింది. జూలై 23న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ పార్లమెంటులో బడ్జెట్ ప్రవేశపెడుతూ బిహార్ రహదారులకు 26,000 కోట్ల రూపాయలు ప్రకటించారు. పట్నా–పూర్ణియా ఎక్స్‌ప్రెస్‌వే, బక్సర్–భాగల్పూర్ ఎక్స్‌ప్రెస్‌వే, బక్సర్ వద్ద గంగపై మరో రెండు లేన్ల వంతెన ఆ జాబితాలో ఉన్నాయి. నెల తిరగకముందే కుప్పకూలిన వంతెనల ఊసు ఆ జాబితాలో లేదు. ఉన్నవాటిని ఎవరు తనిఖీ చేస్తారు, ఏ నిధులతో బాగు చేస్తారు అన్న ప్రశ్నకూ అక్కడ చోటు దక్కలేదు.

కేంద్రంలో మెజారిటీ కోసం జనతాదళ్ (యు) మద్దతుపై ఆధారపడిన ప్రభుత్వం బిహార్‌కు రహదారులు ఇచ్చుకోవడంలో వింత లేదు. బేరం ఎప్పుడూ కొత్త నిర్మాణం రూపంలోనే ఎందుకు కుదురుతుంది, పాత నిర్మాణాన్ని నిలబెట్టే నిధిగా ఎందుకు కుదరదు అన్నది అసలు విషయం. మరమ్మతుకు శిలాఫలకం ఉండదు. తుప్పు గీకి రంగు వేసిన దూలం ముందు నిలబడి ఏ ముఖ్యమంత్రీ ఫొటో దిగడు.

ఈ వాదనను వంతెనలకు వ్యతిరేకమైన వాదనగా చిత్రించడం తేలిక. కాబట్టి ముందే ఒక మాట చెప్పుకోవాలి. గంగ బిహార్‌ను నిలువునా రెండుగా చీలుస్తుంది. రాష్ట్ర జనాభాలో సగానికి పైగా నదికి ఉత్తరాన ఉంది. రాజధాని, హైకోర్టు, పెద్దాసుపత్రులు దక్షిణపు ఒడ్డున ఉన్నాయి. 1959లో మోకామా వద్ద రాజేంద్ర సేతు ప్రారంభమయ్యే దాకా రాష్ట్రంలో గంగను దాటేందుకు వంతెనే లేదు. పట్నా వాసులకైతే 1982 దాకా మహేంద్రు ఘాట్ నుంచి పహ్లేజా ఘాట్‌కు నడిచే స్టీమరే దిక్కు. పట్నాకు ఎదురుగా నది మధ్యన ఉన్న రాఘోపూర్ లంక గ్రామాల గతి మరీ అన్యాయం. లాలూ ప్రసాద్, రబ్రీ దేవి, తేజస్వి యాదవ్‌లను శాసనసభకు పంపిన ఆ నియోజకవర్గానికి ఏడాది పొడవునా పనికొచ్చే దారి 2025 జూన్‌లో గానీ రాలేదు. అప్పటిదాకా పీపాల వంతెనే ఆధారం. వానాకాలం వస్తే దాన్నీ విప్పేసేవారు, ఇక పడవలే. కచ్చీ దర్గా–బిదుపూర్ ఆరు లేన్ల వంతెనలో తొలి భాగం ప్రారంభమైన రోజు ఆ లంకవాసులు పడిన సంతోషాన్ని ఎద్దేవా చేసే హక్కు ఎవరికీ లేదు.

వంతెనలు కావాలి. అయితే అవి నిలబడాలంటే ఏం చేయాలో పాలకులకు తెలుసా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి దూరం పోనక్కరలేదు, పట్నా–హాజీపూర్‌ల మధ్య ఉన్న మహాత్మా గాంధీ సేతు చరిత్ర చూస్తే చాలు.

5,575 మీటర్ల పొడవైన ఆ సేతువులో తొలి రెండు లేన్లను 1982 మేలో ఇందిరా గాంధీ ప్రారంభించారు. మిగతా రెండు లేన్లు 1987లో అందుబాటులోకి వచ్చాయి. అప్పట్లో దేశంలోకెల్లా పొడవైన నదీ వంతెన అదే. స్తంభాల నుంచి ఇరువైపులా చేతులు చాచినట్లు కాంక్రీటు దూలాలు ముందుకు సాగి, రెండు స్తంభాల నడుమ ఒక కీలు వద్ద కలుసుకునే పద్ధతిలో దాన్ని కట్టారు. ఒక్కో అంకణం 121 మీటర్లు. కాంక్రీటును బిగించి పట్టే ఉక్కు తీగల బిగువు సడలితే దూలం కొన వంగుతుంది. కీలు అరిగిపోతే దాటే ప్రతి లారీ ఆ కొనను సుత్తితో కొట్టినట్లు కొడుతుంది. అంటే ఇది నిత్యం కనిపెట్టుకుని ఉండాల్సిన నిర్మాణం. ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటును ఏమరిస్తే ఏమవుతుందో దేశానికి 1986 జూలైలోనే తెలిసింది. గోవాలో మాండవి నదిపై కట్టి ఇరవై ఏళ్లు కూడా నిండని నెహ్రూ వంతెన ఆ నెలలో కూలిపోయింది. కాంక్రీటు లోపలి ఉక్కు తీగలను తుప్పు తినేసింది. గాంధీ సేతు రెండో భాగం ప్రారంభానికి ఒక ఏడాది ముందు జరిగిన సంఘటన అది.

పట్నాలో ఆ హెచ్చరికను చెవిన పెట్టినవారు లేరు. పట్టుమని ఇరవై ఏళ్లు నిండకముందే సేతువుకు మరమ్మతులు మొదలయ్యాయి. ఒక అంకణం బాగుచేస్తే మరొకటి కుంగింది. నాలుగు లేన్లలో ఎప్పుడూ ఏదో ఒకటి మూసి ఉండేది. జాతీయ రహదారి గనుక ఖర్చు కేంద్రానిదని రాష్ట్రం, నిర్వహణ సరిగా చేయలేదు గనుక తప్పు రాష్ట్రానిదని కేంద్రం ఏళ్ల తరబడి తగవులాడుకున్నాయి. ఆ తగవులో రెండు వైపులా నిజం ఉంది, అందుకే అది అంతకాలం సాగింది. చివరకు పునాదులు, స్తంభాలు మాత్రం ఉంచి, పైనున్న కాంక్రీటు మొత్తాన్ని కోసి దించేసి, ఉక్కు దూలాలతో కొత్త వంతెన పెట్టాలని నిర్ణయించారు. 2017లో పని మొదలైంది. పడమటి భాగం 2020 జూలై 31న, తూర్పు భాగం 2022 జూన్ 7న తెరుచుకున్నాయి. ఖర్చు సుమారు 1,742 కోట్లు. మొదట వంతెన మొత్తాన్ని కట్టడానికి అయిన ఖర్చు సుమారు 87 కోట్లు. రూపాయి విలువ మారిందన్న మాట నిజమే. అయినా నూరేళ్లు నిలవాల్సిన నిర్మాణపు పైభాగం ముప్పై అయిదేళ్లకే తుక్కయిందన్న సత్యాన్ని ఏ ధరల సూచీ మార్చలేదు.

పట్నా ట్రాఫిక్ స్తంభన గురించి మాట్లాడేవారు సాధారణంగా దాచే విషయం ఇక్కడే ఉంది. ఏళ్ల తరబడి ఆ నగరాన్ని, ఉత్తర బిహార్‌ను, నేపాల్ సరిహద్దుకు పోయే సరుకును గంటల కొద్దీ నిలిపివేసిన రద్దీలో అధిక భాగం వాహనాలు పెరగడం వల్ల వచ్చింది కాదు. ఉన్న నాలుగు లేన్లలో రెండే పనిచేయడం వల్ల వచ్చింది. మోకామా వద్ద రాజేంద్ర సేతు శిథిలావస్థకు చేరి భారీ వాహనాలను ఆపేయడంతో ఆ లారీలు నూరు కిలోమీటర్లకు పైగా చుట్టు తిరగాల్సి వచ్చింది. అంటే ఒక వంతెనను కాపాడుకోలేకపోయిన ఫలితం పక్క వంతెన నెత్తిన పడింది. మే, జూన్ నెలల్లో ముజఫర్‌పూర్ లిచీ పండు కోసిన రెండు మూడు రోజులకే రంగు మారిపోతుంది. హాజీపూర్ అరటి గెల కూడా ఎండలో ఆగదు. ఆ రైతులు నష్టపోయిన సొమ్ము ఏ ప్రాజెక్టు నివేదికలోనూ ‘నిర్వహణ లోపపు ఖర్చు’ పద్దు కింద కనిపించదు. అదే రద్దీని కొత్త వంతెనకు సమర్థనగా మాత్రం ప్రతి నివేదికలో మొదటి పేజీలోనే చూపుతారు.

ఇప్పుడు తలపెట్టిన ప్రణాళిక పరిమాణం చూడండి. పాత గాంధీ సేతు నాలుగు లేన్లు. దాని పక్కనే మరో నాలుగు లేన్ల వంతెన కడుతున్నారు. దీఘా–సోన్‌పూర్ రైలు, రోడ్డు వంతెనపై రెండు లేన్లు ఉన్నాయి. దాని పక్కన 3,064 కోట్లతో ఆరు లేన్ల వంతెనకు కేంద్ర మంత్రివర్గం 2023 డిసెంబరులో ఆమోదం తెలిపింది. కచ్చీ దర్గా–బిదుపూర్ ఆరు, శేర్‌పూర్–దిఘ్వారా ఆరు. అన్నీ పూర్తయితే పట్నా పరిసరాల్లోనే గంగపై 28 లేన్లు. నలభై ఏళ్ల కిందట రెండు. ఇంత భారీ విస్తరణకు పూనుకున్న ప్రభుత్వాలు ఈ వంతెనలపై ఎంత బరువు నడవబోతోందో, దాన్ని ఎక్కడ ఎవరు తూస్తారో ఒక్కసారైనా ప్రజల ముందు పెట్టాయా? లేన్ల లెక్క అందరికీ కంఠతా వచ్చు. టన్నుల లెక్క అడిగితే మౌనమే సమాధానం.

టన్నుల లెక్క ఎందుకు ముఖ్యమో ఇంజినీరింగ్ విద్యార్థికి రెండో ఏడాదిలోనే చెబుతారు. ఇరుసు మోసే బరువు రెట్టింపయితే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపు కాదు, సుమారు పదహారు రెట్లు. దీన్ని నాలుగో ఘాతపు సూత్రం అంటారు. ఇది రోడ్డు ఉపరితలానికి వర్తించే అంచనా. వంతెన దూలాల అలసటకు లెక్క వేరు, అయినా దిశ అదే. 2018 జూలైలో కేంద్ర రవాణా శాఖ సరుకు లారీల బరువు పరిమితిని పెంచింది. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 10.2 టన్నులున్న హద్దు 11.5 టన్నులైంది. వినడానికి ఎంతో కాదు, 13 శాతం లోపే. నాలుగో ఘాతం ప్రకారం నష్టం 60 శాతం పెరుగుతుంది. లారీలు ఎలాగూ ఎక్కువ మోస్తున్నాయి కాబట్టి పరిమితినే పెంచుదాం అన్న ధోరణి ఆ నిర్ణయంలో ఉంది. దొంగతనాలు ఆగడం లేదని తాళాలు తీసేయడం వంటిదే ఇది. పరిమితి పెంచాక అధిక లోడు ఆగిందా అంటే, సోన్ నది ఇసుకతో కోయిల్‌వర్ నుంచి ఆరా–ఛప్రా వంతెన మీదుగా ఉత్తరానికి సాగే లారీల బారులను అడగాలి.

ఆ ఇసుక కథ రాజకీయాలకు వేరుగా నడవదు. 2021 జూలైలో భోజ్‌పూర్, ఔరంగాబాద్ జిల్లాల ఎస్పీలిద్దరినీ అక్రమ ఇసుక తవ్వకాల వ్యవహారంలో సస్పెండ్ చేయాల్సి వచ్చింది. కంచే చేను మేస్తున్నప్పుడు కాటా దగ్గర కూర్చునే చిన్న ఉద్యోగి ఏ లారీని ఆపగలడు? 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం అధిక లోడుకు 20,000 రూపాయల జరిమానా, ఆపైన ప్రతి టన్నుకూ 2,000 అదనంగా విధించమంటుంది. లారీ నడిపినవాడినే గాక, నడిపించినవాడినీ బాధ్యుడిని చేయవచ్చని చట్టంలోనే ఉంది. ఆచరణలో పట్టుబడేది డ్రైవరు. రేవులో యంత్రంతో లారీ నింపిన గుత్తేదారు, అధిక లోడు లేకపోతే కిరాయి గిట్టకుండా ధర నిర్ణయించిన వ్యాపారి ఎక్కడా కనిపించరు. బరువు నియంత్రణ అనగానే పేద డ్రైవర్లపై దాడి అని గగ్గోలు పెట్టే నాయకులు ఆ డ్రైవరును ఎవరు ఆ స్థితిలోకి నెట్టారో మాత్రం చెప్పరు.

ఇక అగువానీ ఘాట్–సుల్తాన్‌గంజ్ వంతెన. ఖగడియా, భాగల్పూర్ జిల్లాలను కలపడానికి 1,710 కోట్ల అంచనాతో 2014లో నితీశ్ కుమార్ శంకుస్థాపన చేశారు. 2022 ఏప్రిల్ 30న కొంత భాగం కూలింది. అప్పుడు అధికారంలో ఉన్నది జేడీయూ, బీజేపీ. 2023 జూన్ 4న మరింత పెద్ద భాగం నదిలో పడిపోయింది, దేశమంతా ఆ దృశ్యాన్ని ఫోన్లలో చూసింది. అప్పుడు అధికారంలో ఉన్నది జేడీయూ, ఆర్జేడీ. రహదారుల శాఖ తేజస్వి యాదవ్ చేతిలో ఉంది. మొదటిసారి కూలినప్పుడే నిపుణులు లోపాలు గుర్తించారని, కొన్ని భాగాలను కూల్చివేయాలని ముందే అనుకున్నామని ఆయన వివరణ ఇచ్చారు. బీజేపీ నాయకులు ముఖ్యమంత్రి రాజీనామా కోరారు. 2024 ఆగస్టు 17న మూడోసారి కూలేనాటికి ఆ బీజేపీ తిరిగి అదే ముఖ్యమంత్రి పక్కన కూర్చుంది, రాజీనామా మాట మళ్లీ వినిపించలేదు. మూడుసార్లు కూలిన వంతెన కింద రెండు కూటములూ నిలబడి ఉన్నాయి. మారనిది ముఖ్యమంత్రి ఒక్కరే.

బిహార్‌ను వేళాకోళం చేయడం మిగతా రాష్ట్రాలకు అలవాటు. ఆ అలవాటుకు ఆధారం లేదు. 2016 ఆగస్టు 2 రాత్రి మహారాష్ట్రలోని మహాడ్ వద్ద సావిత్రి నదిపై బ్రిటిష్ కాలపు వంతెన కొట్టుకుపోయి రెండు బస్సులు వరదలో కలిసిపోయాయి. రెండు నెలల తర్వాత కేంద్రం జాతీయ రహదారుల వంతెనలన్నిటినీ నమోదు చేసే వ్యవస్థను ఆర్భాటంగా ప్రారంభించింది. 2025 జూలై 9న, ‘అభివృద్ధి నమూనా’గా దేశానికి చూపించే గుజరాత్‌లో, వడోదర–ఆణంద్ జిల్లాల మధ్య మహీసాగర్ నదిపై గంభీరా వంతెన పట్టపగలు తెగిపడి ఇరవై మంది దాకా చనిపోయారు. 1985లో వాడుకలోకి వచ్చిన వంతెన అది, వయసు నలభై. తెగిన అంచున వేలాడుతూ నిలిచిన ట్యాంకరును దించడానికే వారాలు పట్టింది. ఆ ప్రమాదం తర్వాత రాష్ట్రమంతటా వంతెనల తనిఖీలు హడావుడిగా జరిగాయి, పలుచోట్ల రాకపోకలు ఆపేశారు. అంటే తనిఖీ చేయడం ప్రభుత్వానికి చేతనవుతుంది. శవాలు లేస్తేనే చేతనవుతుంది.

దీనికి పక్కనే మరో భారతదేశం ఉంది, అది రైల్వేది. సోన్ నదిపై కోయిల్‌వర్ వంతెన 1862 నాటిది. హౌరా–ఢిల్లీ ప్రధాన మార్గపు రైళ్లు నేటికీ దాని మీదుగానే పోతున్నాయి. రాజమహేంద్రవరం వద్ద గోదావరిపై హేవ్‌లాక్ వంతెన 1900 నుంచి 1997 దాకా రైళ్లను మోసి, గౌరవంగా విరమించుకుంది. కూలిపోయి కాదు, కాలం తీరిందని నిర్ణయించి పక్కన పెట్టారు. ఇందులో బ్రిటిష్‌వాడి గొప్పతనం ఏమీ లేదు, సావిత్రి నదిలో కొట్టుకుపోయిందీ అతని వంతెనే. తేడా అంతా పద్ధతిలో ఉంది. రైల్వేలో తన వంతెనపై ఎంత బరువు నడుస్తోందో యజమానికి తెలుసు. ప్రతి ఏటా తనిఖీ జరుగుతుంది, అనుమానం వస్తే రైలు వేగం తగ్గిస్తారు, ఆ సంగతి డ్రైవరుకు ముందుగా కాగితం మీద చేరుతుంది. రైల్వేలోనూ లోపాలున్నాయి, ఘోర ప్రమాదాలున్నాయి. కానీ వంతెనను ఒక ప్రాణిలా కనిపెట్టుకుని ఉండే శాఖ, దానికి పేరున్న బాధ్యుడు, ఏటా నిధి అక్కడ ఉన్నాయి. రోడ్డు వంతెనకు శంకుస్థాపన చేసిన ప్రముఖుడి పేరు రాతి మీద ఉంటుంది, తనిఖీ చేయాల్సిన ఇంజినీరు పేరు ఎక్కడా ఉండదు. 2024 వేసవిలో చిన్న వంతెనలు వరుసగా కూలినప్పుడు నదిలో పూడిక తీసిన జల వనరుల శాఖ ఇంజినీర్లను పెద్ద సంఖ్యలో సస్పెండ్ చేశారు. ఒక శాఖ నదిని తవ్వుతుంటే అదే నదిలో నిలబడ్డ వంతెన స్తంభాల సంగతి చూడాల్సిన శాఖ ఎక్కడుందని మాత్రం ఎవరూ నిలదీయలేదు.

బిహార్ ప్రభుత్వం 2025లో వంతెనల నిర్వహణకు ఒక విధానం ప్రకటించింది. పెద్ద వంతెనల పరీక్షను పట్నా, ఢిల్లీ ఐఐటీలకు అప్పగించింది. మంచి పని. అయితే ఆ పరీక్షల ఫలితాలు పౌరుడికి అందుతాయా? ఫలానా వంతెన బాగాలేదని తేలితే, ఎన్నికల ఏడాదిలోనైనా దాన్ని మూసే అధికారం ఎవరికుంది? ఈ రెంటికీ జవాబు లేనంతవరకు ఆ విధానం అలమారాలో మరో దస్త్రమే. విధానం వచ్చిన ఏడాదిలోనే, శాసనసభ ఎన్నికలకు కొన్ని నెలల ముందు, జూన్ 23న కచ్చీ దర్గా వద్ద ముఖ్యమంత్రి, ఆగస్టు 22న ఔంటా–సిమరియా వద్ద ప్రధానమంత్రి రిబ్బన్లు కత్తిరించారు. నిర్వహణ విధానానికి మాత్రం ఏ సభా పెట్టలేదు.

నిజాయితీ ఉన్న ప్రణాళిక అయితే ప్రతి కొత్త వంతెన మంజూరు పత్రంలోనే, కట్టడపు ఖర్చు పక్కన, రాబోయే ముప్పై ఏళ్ల నిర్వహణ సొమ్మునూ అది ఏ ఖాతా నుంచి వస్తుందో కూడా రాయాలి. వంతెన రెండు చివర్లలో కదులుతున్న లారీని తూచే కాటాలు పెట్టి, ఆ లెక్కలను ఏ రోజుకారోజు బయటపెట్టాలి. ఇసుక రేవులోనే తూకం వేసి, ఎక్కువ నింపినవాడి గుత్త రద్దు చేస్తే వంతెన దగ్గర పోలీసుల అవసరమే సగం తగ్గుతుంది. వీటిలో ఏదీ కొత్త ఆలోచన కాదు. వేల కోట్ల ఖర్చూ కాదు. బహుశా అందుకే ఎవరికీ ఆసక్తి లేదు. తక్కువ ఖర్చు పనిలో పంచుకోవడానికి ఏముంటుంది?

అసలు ఆ సరుకంతా రోడ్డెక్కి గంగను దాటవలసిన అవసరం ఎంత అన్న ప్రశ్న కూడా ఈ 28 లేన్ల లెక్కలో లేదు. వంతెనల కింద పారే ఆ గంగను హల్దియా నుంచి ప్రయాగ్‌రాజ్ దాకా 1,620 కిలోమీటర్ల మేర 1986లోనే మొదటి జాతీయ జలమార్గంగా ప్రకటించారు. గాంధీ సేతు పక్కనే, గాయ్‌ఘాట్ వద్ద ఆ జలమార్గపు సరుకు రేవు ఉంది. ఇసుక, కంకర, సిమెంటు వంటి తొందరలేని బరువు సరుకు నీటి మీద పోవడానికే తగినది. ఆ రేవు మీదుగా వెళ్లాల్సిన బరువు నేడు సేతువు మీద లారీల్లో బారులు తీరి ఉంది, 2022లో బిగించిన కొత్త ఉక్కు దూలాల మీద.